అంటు – ఎడం: దృశ్య రూపకల్పనలో, నిత్యవ్యవహారంలో నిర్లిప్తతా భావన

వ్యాస సంగ్రహం:

నిర్లిప్తత, తాటస్థ్యం, అంటీముట్టనితనం అనే మాటలను తెలుగు సాహిత్య విమర్శ తరచుగా ఒకే అర్థంలో వాడుతున్నది. అయితే ఈ మూడు మాటలూ మూడు వేర్వేరు దృశ్యాల నుండి పుట్టినవి. తెలుగు లిపి, ఇక్కత్ నేత, ముగ్గు, ఊరి అమరిక వంటి దృశ్యరూపాలలో 'ఎడం' ఏ విధంగా అర్థాన్ని కల్పిస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎడం పరస్పరమైనదా, విప్పదగినదా, దానిని నిర్ణయించినది ఎవరు అనే మూడు ప్రశ్నల ద్వారా ఎంచుకొన్న నిర్లిప్తతకూ విధించిన దూరానికీ గల భేదాన్ని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: నిర్లిప్తత, తాటస్థ్యం, అంటు, ఎడం, తలకట్టు, ఇక్కత్, సౌందర్య దూరం, వెలివాడ, గబ్బిలం.

1. ఉపోద్ఘాతం:

ఒక రచయిత శిల్పాన్ని మెచ్చుకొనేటప్పుడు 'జీవితాన్ని నిర్లిప్తంగా చిత్రించాడు' అనడం తెలుగు విమర్శలో పరిపాటి. నిత్యవ్యవహారంలో అదే గుణాన్ని ఒక బంధువులోనో సహోద్యోగిలోనో చూసినప్పుడు 'అంటీముట్టనట్టు ఉంటాడు' అని నిష్ఠూరమాడతారు. గ్రంథంలో గుణమైనది ఇంటిలో దోషంగా మారుతున్నది. ఈ వైరుధ్యాన్ని కేవలం సందర్భభేదంగా భావించి విడిచిపెట్టడం సులభం. కానీ రెండు వాక్యాలూ ఒకే స్థితిని చెబుతున్నాయా అనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఈ ప్రశ్నకు సమాధానం దృశ్య రూపకల్పనలో వెదకవచ్చు. రూపకల్పన అంటే ఏది దేనిని తాకాలో, ఏది దేనికి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించడం. దగ్గరగా ఉన్నవాటిని చూపు ఒక గుంపుగా గ్రహిస్తుందని మాక్స్ వెర్తైమర్ 1923లో ప్రకటించిన తన వ్యాసంలో సామీప్య సూత్రంగా వివరించాడు. ఈ సూత్రాన్ని తిరగవేసి చూస్తే, ఎడంగా ఉంచినదానిని చూపు గుంపుకు చెందనిదిగా గ్రహిస్తుంది. కనుక ఎడం వట్టి ఖాళీ స్థలంగా మిగలదు. 'ఇది దీనికి చెందుతుంది, అది చెందదు' అని చెప్పే సంకేతమవుతుంది. అక్షరం నుండి ఊరి వరకు ఈ సంకేతం ఏమేమి చెబుతున్నదో చూడవలసి ఉంది.

2. పదాల వెనుక ఉన్న దృశ్యాలు:

నిర్లిప్తతకు సంబంధించిన మాటలన్నీ మొదట కంటికి కనిపించే పనులను చెప్పినవే. 'నిర్లిప్త' శబ్దానికి మూలమైన 'లిప్' ధాతువుకు పూయడం, పులమడం అని అర్థం. సంప్రదాయ వ్యుత్పత్తి 'లిపి' శబ్దాన్ని కూడా ఈ ధాతువుకే చేరుస్తుంది; అశోకుని షాబాజ్‌గఢీ శాసనంలోని 'దిపి' అనే రూపాన్ని బట్టి దానికి పారశీక మూలాన్ని చెప్పేవారూ ఉన్నారు. 'వైరాగ్యం'లోని రాగానికి మూలం 'రంజ్' ధాతువు. రంగు పట్టడం దాని తొలి అర్థం. రంగు వీడిపోవడం విరాగం. 'తటస్థుడు' ఒడ్డున నిలిచినవాడు. పూత, రంగు, ఒడ్డు అనే ఈ మూడూ ముందు దృశ్యాలు, తరువాతనే తత్త్వాలు.

నిర్లిప్తతకు తెలుగువారు చెప్పే ప్రసిద్ధమైన ఉపమానం తామరాకు మీది నీటిబొట్టు. భగవద్గీత ఐదవ అధ్యాయంలోనూ ఈ పోలిక ఉన్నది. ఈ దృశ్యంలో ఒక అంశాన్ని విమర్శకులు గమనించవలసి ఉంది. తామరాకు నీటికి దూరంగా ఉండదు. నీటిలోనే పుట్టి, నీటిమీదనే పరచుకొని, నీటిబొట్టును తన మీద మోస్తుంది. అది నీటిని తాకుతున్నది కానీ తడవడం లేదు. కనుక ఉపమానం ప్రకారం నిర్లిప్తతకు దూరం అవసరం లేదు. సంపర్కంలో ఉంటూనే పూత పట్టనివ్వకపోవడమే నిర్లిప్తత.

తటస్థుని దృశ్యం దీనికి భిన్నమైనది. అతడు నీటిలో దిగలేదు. ప్రవాహాన్ని చూడగలడు, కానీ దాని లోతు అతనికి తెలియదు. మూడవ దృశ్యం 'అంటీముట్టనట్టు' అనే నుడికారంలో ఉన్నది. ఇందులోని రెండు క్రియలూ తాకడాన్నే చెబుతాయి. 'అంటు' చెట్టుకు కట్టే అంటుగా, అంటుకొనే నిప్పుగా, అంటువ్యాధిగా విస్తరించి, మైల అనే అర్థాన్ని కూడా పొంది, 'అంటరానితనం'లో సామాజిక వ్యవస్థకే పేరైంది. 'ముట్టు' స్త్రీల ఋతుకాలానికి పేరై, 'బయట ఉండటం', 'దూరంగా కూర్చోవడం' అనే వ్యవహారాలతో కలిసి నడిచింది. ఒక వివాదంలో కలుగజేసుకోనివానిని 'మడికట్టుకొని కూర్చున్నాడు' అనడం కూడా ఈ కోవలోనిదే. అంటే నిత్యవ్యవహారం నిర్లిప్తతను చెప్పడానికి వాడుతున్న నుడికారాలు స్పర్శనిషేధాల నుండి వచ్చినవి.

తామరాకు తాకుతుంది, కానీ తడవదు. ఒడ్డున ఉన్నవాడు తాకడు, చూస్తాడు. మడిలో ఉన్నవాడు తాకితే తాను చెడిపోతానని భావించి తాకనివ్వడు. మొదటిది సామర్థ్యం, రెండవది స్థానం, మూడవది భయం నుండి పుట్టిన నియమం. ఈ మూడింటినీ 'నిర్లిప్తత' అనే ఒక్క మాటలో కలిపివేయడం వల్లనే పైన చెప్పిన వైరుధ్యం ఏర్పడుతున్నది.

నిర్లిప్తత నిలకడను లోకం సందేహిస్తూనే ఉంటుంది. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని తెలుగువారు చెప్పుకొనే మూడు వైరాగ్యాలూ ఆ సందర్భం దాటగానే తొలగిపోయేవే. వెలిసిన రంగు మళ్ళీ పట్టుకొంటుందని వ్యవహర్తకు తెలుసు. ఎంచుకొన్న విరాగానికి తిరిగివచ్చే దారి ఉంటుందన్నది ఈ హాస్యంలోని అవగాహన.

3. అక్షరంలో ఎడం:

తెలుగు లిపిలో ఎడం అర్థభేదకంగా పనిచేసే సందర్భానికి ప, వ అక్షరాలు చక్కని ఉదాహరణ. వకారంలో తలకట్టు అక్షర శరీరంతో కలిసి ఉంటుంది. పకారంలో శరీరం పైభాగం తెరుచుకొని, తలకట్టు దానికి అంటకుండా ఎడంగా నిలుస్తుంది. ఫ, ష, స, హ అక్షరాలలోనూ తలకట్టు సాధారణంగా ఈ విధంగానే విడిగా ఉంటుంది. 'పంట' పొలంలోనిది, 'వంట' ఇంటిలోనిది. 'పల్లె' నివాసం, 'వల్లె' వేయడం అభ్యాసం. ఈ జంటలలో కంటికి కనిపించే ప్రధాన భేదం ఆ కొద్దిపాటి ఖాళీయే. నాసిరకం ముద్రణలో సిరా పరుచుకొని ఆ ఖాళీ పూడుకుపోతే, లేదా తెరమీద అక్షరం మరీ చిన్నదై ఆ సందు కనిపించకపోతే, పాఠకుడు సందర్భాన్ని బట్టి పదాన్ని ఊహించుకోవలసి వస్తుంది. యంత్రం చేసే అక్షర గుర్తింపులోనూ ఈ జంట పొరపాటుకు తావిచ్చేదే. కనుక ఖతి రూపకర్తకు నల్లని గీత ఎంత ముఖ్యమో దాని పక్కనున్న తెల్లని సందు కూడా అంతే ముఖ్యం.

పదాల మధ్య ఎడం విషయంలో చరిత్ర మరొక అంశాన్ని చూపుతుంది. తాళపత్రాలలో పదాల మధ్య ఖాళీ విడిచే పద్ధతి లేదు. అక్షరాలు వరుసగా సాగుతాయి. పదాన్ని విడదీసుకొనే పని చదువరిది. సంధులు, యతి, గణాలు తెలిసినవాడు చెవితో విడదీసేవాడు. అచ్చు వచ్చిన తరువాత పదాల మధ్య ఖాళీ స్థిరపడి, ఆ పనిని కంటికి అప్పగించింది. దీనివల్ల చదువు సంప్రదాయ శిక్షణ లేనివారికి కూడా సులభమైంది. ఇక్కడ ఎడం ఎవరినీ దూరం పెట్టలేదు. దూరంగా ఉన్న పాఠకుని దగ్గరకు తెచ్చింది.

కంప్యూటరు యుగంలో ఈ ఎడానికి ఒక ప్రత్యేక సంకేతమే ఏర్పడింది. సాంకేతికులు 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అని పిలిచే యూనికోడ్ సంకేతానికి వెడల్పు లేదు, తనదైన రూపం లేదు; పక్కపక్కనున్న రెండు అక్షరాలు కలిసిపోకుండా ఆపడమే దాని పని. దానిని వాడితే 'సాఫ్ట్‌వేర్' అని, వాడకపోతే 'సాఫ్ట్వేర్' అని తెరమీద కనిపిస్తుంది. రెండవ రూపంలో వకారం వత్తుగా మారి టకారం కిందికి చేరుతుంది. పదంలోని రెండు భాగాల సరిహద్దు మరుగున పడుతుంది. కనిపించని ఎడమే కనిపించే స్పష్టతను కాపాడుతున్నది.

ఈ ఉదాహరణలలో ఎడం పరస్పరమైనది. పకారం వకారం కంటె ఉన్నతం కాదు, నీచం కాదు. తలకట్టు ఎడంగా ఉన్నందువల్ల రెండింటి ఉనికీ నిలుస్తున్నది. ఈ లక్షణాన్ని తరువాతి చర్చకు ప్రమాణంగా గ్రహించవచ్చు.

4. నేతలో, ముగ్గులో ఎడం:

పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్ళ ఇక్కత్ విధానం అంటకపోవడాన్నే కళగా మలచినది. నేయడానికి ముందే నూలును కట్టలుగా చేసి, నమూనాను అనుసరించి కొన్నిచోట్ల బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు అంటదు. కట్టు విప్పి, వేరొకచోట కట్టి, మరొక రంగులో ముంచుతారు. మగ్గం మీదికి ఎక్కిన తరువాత రంగు అంటిన చోటూ అంటని చోటూ కలిసి నమూనాగా ఏర్పడతాయి. 'ఇక్కత్' అనే మాటకు మూలమైన మలయ-ఇండోనేషియా పదానికి కట్టడం అనే అర్థం.

ఈ విధానంలో రెండు అంశాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. మొదటిది, కట్టు తాత్కాలికం. విప్పడానికే దానిని కడతారు. విప్పని కట్టుతో వస్త్రం లేదు. రెండవది, కట్టు ఎంత బిగించినా దాని అంచున రంగు కొద్దిగా లోపలికి పాకుతుంది. ఇక్కత్ నమూనాల అంచులలో కనిపించే ఆ మెత్తని మసక ఇందువల్ల ఏర్పడినదే. అంటకుండా పూర్తిగా ఆపడం సాధ్యం కాదని వస్త్రమే సాక్ష్యం చెబుతున్నది. చూపరులు దానిని లోపంగా చూడరు. చేతిపనికి గుర్తుగా ఆదరిస్తారు.

ముగ్గులో ఎడం మరొక రూపం ధరిస్తుంది. చుక్కల ముగ్గులలో ఒక పద్ధతి చుక్కలను గీతతో కలుపుతుంది. మెలికల ముగ్గు ఆ చుక్కలనే తాకకుండా వాటి చుట్టూ తిరుగుతుంది. గీత ప్రతి చుక్కకూ సమీపంగా వెళుతుంది, దేనిమీదా పడదు, దేనినీ వలయానికి వెలుపల విడిచిపెట్టదు. ఏదైనా చుక్క వెలుపల మిగిలితే ముగ్గు తప్పినట్టే. తాకకపోవడానికీ పట్టించుకోకపోవడానికీ గల భేదం ఈ రూపంలో స్పష్టమవుతున్నది. 'అంటీముట్టనట్టు' ఉండేవాడు తాకడు, చుట్టూ తిరిగి చూసుకోడు కూడా. మెలికల గీత తాకకుండానే ప్రతి చుక్కకూ చోటు కల్పిస్తుంది.

5. సౌందర్య దూరం – తాటస్థ్యం:

కళానుభవానికి కొంత ఎడం అవసరమన్న అభిప్రాయం పాశ్చాత్య విమర్శలో ఎడ్వర్డ్ బులో 1912లో రాసిన వ్యాసం ద్వారా ప్రసిద్ధమైంది. సముద్రంమీద పొగమంచు ప్రయాణికునికి భయహేతువు; ప్రాణభయాన్ని పక్కన పెట్టి చూడగలిగితే అదే పొగమంచు సుందరదృశ్యం. ఈ ఉదాహరణను మాత్రమే గ్రహించినవారు దూరం పెరిగేకొద్దీ కళ పెరుగుతుందని భావించే ప్రమాదముంది. బులో వాదం దానికి విరుద్ధమైనది. దూరం పూర్తిగా నశించకుండా వీలైనంత తగ్గడమే అభిలషణీయమని అతని నిర్ణయం.

భారతీయ రససిద్ధాంతం కూడా ఇటువంటి హెచ్చరికనే చేస్తుంది. రసం తటస్థంగా, అంటే తనకు సంబంధం లేని ఇతరుని విషయంగా ప్రతీతం కాదు. కేవలం తన సొంత విషయంగానూ ప్రతీతం కాదు అన్నది భట్టనాయకుని వాదంలోని ముఖ్యాంశం. అతడు ప్రతిపాదించిన సాధారణీకరణాన్ని అభినవగుప్తుడు స్వీకరించి విస్తరించాడు. ఈ దృష్టిలో సహృదయుడు తామరాకు వంటివాడు. ఒడ్డున నిలిచినవాడు కాడు. విభావాదులతో సంపర్కం లేకుండా రసాస్వాదం లేదు.

కనుక 'రచయిత నిర్లిప్తంగా చిత్రించాడు' అనే ప్రశంసకు శాస్త్రబలం ఉండాలంటే, ఆ రచయిత వస్తువుతో సంపర్కంలో ఉన్నాడని ముందు నిరూపించాలి. సంపర్కమే లేనిచోట నిర్లిప్తత అనే మాట వర్తించదు. తడవని ఆకును మెచ్చుకోవాలంటే ఆకు నీటిలో ఉండాలి.

6. ఊరు – వాడ: విధించిన ఎడం:

ఇంతవరకు పరిశీలించిన ఎడాలు అర్థాన్నో అందాన్నో కల్పించినవి. తెలుగు పల్లెల సంప్రదాయిక అమరికలో ఊరికీ వాడకూ మధ్య ఉన్న ఎడం కూడా ఒక దృశ్య రూపకల్పనే. సామీప్య సూత్రం ఇక్కడ నిర్దాక్షిణ్యంగా పనిచేస్తుంది. దగ్గర ఉన్న ఇళ్ళు 'ఊరు' అవుతాయి. ఎడంగా ఉన్నవి 'వాడ', 'పల్లె', 'గూడెం' అవుతాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో వెలువడిన తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టడం ఈ దృష్టితో గమనింపదగినది. ఊరి అంచున ఉన్న చోటును ఆ పేరు గ్రంథపు ముఖపత్రం మీదికి తెచ్చింది.

రెండు గ్లాసుల పద్ధతి ఈ రూపకల్పనకు అతి చిన్న నమూనా. హోటలులో టీ ఒక్కటే, గ్లాసులో పోసే కొలతా ఒక్కటే. ఒక గ్లాసు లోపల మిగిలిన గ్లాసులతో ఉంటుంది, మరొకటి వెలుపల విడిగా ఉంటుంది. తాగినవాడే దానిని కడిగి పెట్టాలి. వస్తువులో భేదం లేకున్నా, దానిని ఉంచిన చోటు భేదాన్ని ప్రకటిస్తుంది. రూపంలో ఇది ప, వ అక్షరాల స్థితిని పోలినదే. కానీ అక్షరంలోని ఎడం రెండింటినీ సమానంగా గుర్తిస్తే, గ్లాసుల మధ్య ఎడం ఒకరి గౌరవాన్ని తీసి మరొకరి గౌరవంగా చూపుతుంది. భారత రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసినప్పుడు నిషేధించినది ఈ ఎడాన్నే.

గుఱ్ఱం జాషువ 'గబ్బిలం' (1941) ఈ ఎడాన్ని కావ్యనిర్మాణంలోనే నిలిపిన కృతి. అది సందేశకావ్య సంప్రదాయాన్ని స్వీకరించింది. మేఘసందేశంలో యక్షుని ఎడబాటుకు ఏడాది గడువు ఉన్నది. శాపం తీరగానే దూరం తొలగుతుంది. ఆ దూరం భూగోళానికి సంబంధించినది కనుక ఆకాశంలో సాగే మేఘం దానిని దాటగలదు. జాషువ కావ్యంలోని కథానాయకుని దూరానికి గడువు లేదు. అతడు తన వేదనను శివునికి నివేదించమని గబ్బిలాన్ని కోరతాడు. భక్తునికీ దేవునికీ మధ్య ఉన్న అసలైన దూరం ఒక గుడి గడప. ఆ గడపను మనిషి దాటలేడు, గబ్బిలం దాటుతుంది. దూత ఎంపికలోనే విమర్శ ఉన్నది. లోకం అశుభంగా భావించే ప్రాణికి ఉన్న ప్రవేశం మనిషికి లేదని చెప్పడానికి వేరే ఉపన్యాసం అవసరం లేకపోయింది.

ఇటువంటి కావ్యాన్ని విమర్శించేటప్పుడు 'ఆవేశం తగ్గించుకొని నిర్లిప్తంగా చెప్పి ఉంటే బాగుండేది' అనే తీర్పు న్యాయమైనది కాదు. నిర్లిప్తత తాకగలిగినవానికి ఉన్న ఎంపిక. తాకడాన్నే నిషేధించినచోట దూరాన్ని గుణంగా కోరడం, బాధితుని మీద విధించిన ఎడాన్ని అతని శిల్పానికి కూడా విధించడమే. కావ్యవస్తువుకూ కవికీ మధ్య కళాత్మకమైన ఎడం ఉండరాదని దీని అర్థం కాదు. గబ్బిలాన్ని దూతగా కల్పించడమే ఆ ఎడం. కవి దానిని తన ఇచ్ఛతో, తన ప్రయోజనానికి ఏర్పరచుకొన్నాడు.

విధించిన ఎడాన్ని స్వీకరించి తిరగవేసిన సందర్భం ఒకటి 2016 జనవరిలో కనిపిస్తుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సస్పెన్షన్‌కు గురైన దళిత విద్యార్థులు తమ నిరసన స్థలానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. పల్లె అంచున ఉండవలసిన పదం విద్యాప్రాంగణంలో అందరూ నడిచే చోట నిలిచింది. చూపు తప్పించుకోవడానికి ఏర్పడిన ఎడాన్ని చూపు నిలిచే బిందువుగా మార్చడం ఈ నామకరణంలోని దృశ్య వ్యూహం.

దీనికి భిన్నమైన ఎడం 2020లో ప్రతి వీధిలోనూ ఏర్పడింది. కరోనా కాలంలో దుకాణాల ముందు సున్నంతోనో రంగుతోనో వలయాలు గీశారు. ఒక్కొక్క వలయానికి ఒక్కొక్కరు నిలిచారు. ఎడం అందరికీ సమానం, పరస్పరం, తాత్కాలికం. అయినప్పటికీ మొదట ప్రచారంలోకి వచ్చిన 'సామాజిక దూరం' అనే మాట వివాదాస్పదమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది మార్చిలోనే 'భౌతిక దూరం' అనే అర్థాన్నిచ్చే మాటవైపు మొగ్గింది. మనుషుల మధ్య సామాజిక బంధం నిలవాలన్నది ఆ మార్పుకు కారణం. తెలుగు నేలమీద ఆ భేదానికి అదనపు బరువు ఉన్నది. ఇక్కడ సామాజిక దూరం వ్యాధితో మొదలైనది కాదు, వ్యాధితో ముగిసేదీ కాదు.

7. ముగింపు:

పై పరిశీలన ద్వారా కొన్ని అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

• నిర్లిప్తత, తాటస్థ్యం, అంటీముట్టనితనం పర్యాయపదాలు కావు. మొదటిది సంపర్కంలో ఉంటూ పూత పట్టకపోవడం. రెండవది ఒడ్డున నిలవడం. మూడవది స్పర్శను నిరాకరించడం.

• దృశ్య రూపకల్పనలో ఎడం అర్థాన్నిచ్చే సంకేతం. పకారపు తలకట్టులో అది భేదాన్ని నిలుపుతుంది. ఇక్కత్‌లో నమూనాను సృష్టిస్తుంది. మెలికల ముగ్గులో తాకకుండానే చోటు కల్పిస్తుంది.

• ఎడం విలువను నిర్ణయించడానికి మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి: అది పరస్పరమైనదా? విప్పదగినదా? దానిని ఎవరు నిర్ణయించారు? అక్షరంలోని ఎడం మొదటి ప్రశ్నకు, ఇక్కత్ కట్టు రెండవ ప్రశ్నకు, గబ్బిలం కల్పన మూడవ ప్రశ్నకు నిలబడతాయి. విడిగా ఉంచిన గ్లాసు మూడింటిలో దేనికీ నిలబడదు.

• సాహిత్య విమర్శలో 'నిర్లిప్త చిత్రణ' అనే ప్రశంసను వాడేముందు, రచయిత వస్తువుతో సంపర్కంలో ఉన్నాడా, తాకే హక్కు అతనికి ఉన్నదా అని పరిశీలించాలి.

తలకట్టు అంటకపోవడం వల్ల పకారానికి తనదైన ఉనికి దక్కింది. గ్లాసును అంటనివ్వకపోవడం వల్ల మనిషికి దక్కవలసిన ఉనికి దక్కకుండా పోయింది. ఈ రెండు ఎడాలనూ ఒకే మాటతో పిలిచే అలవాటును తెలుగు విమర్శ విడిచిపెట్టవలసి ఉంది.